సప్లై ఇవ్వని మాగ్నెటిక్ పికప్‌లో సిగ్నల్ ఎలా పుడుతుంది? సెల్ఫ్ కొట్టినా అంటుకోని జనరేటర్ గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆదోనిలో జిన్నింగ్ మిల్లు, ఎలక్ట్రానిక్ గవర్నర్ (ఇంజిన్ స్పీడును చూస్తూ డీజిల్‌ను సర్దే ఏర్పాటు) ఉన్న డీజిల్ జనరేటర్. సెల్ఫ్ కొడితే ఇంజిన్ బాగానే తిరుగుతుంది కానీ అంటుకోదు, ప్యానెల్ మీద స్పీడ్ సిగ్నల్ లేదని వస్తుంది. మెకానిక్ ఫ్లైవీల్ దగ్గర స్పీడును పట్టే మాగ్నెటిక్ పికప్ మార్చినా అదే తంతు. కొత్త పికప్ రెండు వైర్ల మధ్య 900 ఓములు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 0.4 వోల్టు ఏసీ. ఇక గవర్నర్ కార్డు మార్చాల్సిందేనని మెకానిక్ అంటున్నాడు. "రెండే వైర్లు, దీనికి మనం సప్లై కూడా ఇవ్వం, మరి సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది అన్నా?" అని అడిగావు.

తమ్ముడూ, కార్డుకు అప్పుడే ఆర్డర్ పెట్టొద్దు. నువ్వు రాసిన 0.4 అనే అంకెలోనే సగం జవాబు ఉంది. నేను ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేసి, ఇప్పుడు కర్నూలులో జనరేటర్ల సర్వీసు చూసుకుంటున్నా. ఇలాంటి కేసుల్లో కార్డు నిజంగా పోయింది తక్కువ. ముందు నీ ప్రశ్నకు జవాబు చెప్తా, అది బుర్రకెక్కితే రిపేరు నువ్వే చేసుకోగలవు.

చాలామంది మెకానిక్‌లు ఈ పికప్‌ను స్విచ్చి అనుకుంటారు. ఎదురుగా ఇనుము వస్తే ఆన్, పోతే ఆఫ్ అని. అది ప్రాక్సిమిటీ సెన్సర్ పని, దానికి మూడు వైర్లు, 24 వోల్టుల సప్లై ఉంటాయి. ఇది వేరే జాతి. సైకిలుకు వెనకటి రోజుల్లో టైరును రాసుకుంటూ తిరిగే డైనమో ఉండేది చూడు, తొక్కితే బల్బు వెలిగేది, గట్టిగా తొక్కితే ఇంకా బాగా వెలిగేది, ఆగితే ఆరిపోయేది. మాగ్నెటిక్ పికప్ అచ్చంగా అలాంటి బుల్లి జనరేటరే. దాన్ని తిప్పేది నీ ఇంజినే కాబట్టి బయటి నుంచి సప్లై అక్కర్లేదు.

లోపల ఉండేవి మూడే. వెనక ఒక శాశ్వత అయస్కాంతం. దానికి ఆనించి ముందు కొస దాకా మెత్తని ఇనుప కడ్డీ. ఆ కడ్డీ చుట్టూ సన్నని ఎనామిల్ రాగి తీగ వేల చుట్లు. ఆ చుట్టు రెండు కొసలే బయటికి వచ్చే రెండు వైర్లు. ట్రాన్సిస్టర్ లేదు, ఐసీ లేదు. అందుకే ఇంజిన్ వేడికీ అదురుకూ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది.

అయస్కాంతం నుంచి వచ్చే ఫ్లక్స్ (అయస్కాంత బలరేఖలు) కడ్డీ గుండా కొసకు వచ్చి, గాలిలోంచి తిరిగి వెనక్కి పోవాలి. గాలిలో దారి దానికి కష్టం, ఇనుములో సులువు. కొస ముందుకు రింగ్ గేర్ (ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ళ చక్రం) పన్ను వచ్చిందనుకో, దారి కాస్త సులువై ఫ్లక్స్ పెరుగుతుంది. పన్ను జరిగిపోయి రెండు పళ్ళ మధ్య సందు వస్తే మళ్ళీ తగ్గుతుంది. అంటే అయస్కాంతమూ చుట్టూ కదలకుండా ఉన్నచోటే ఉంటాయి, చుట్టులోంచి పోయే ఫ్లక్స్ మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఫ్లక్స్ మారితే చుట్టులో వోల్టేజీ పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు, ఇంటర్ ఫిజిక్సులో చదివే ఉంటావు. ఫ్లక్స్ ఎంత ఉందనేది కాదు, ఎంత వేగంగా మారుతోందనేదే వోల్టేజీని తేలుస్తుంది. చుట్ల సంఖ్యతో దాన్ని గుణించుకో, అంతే. ఫ్లక్స్ దారికుండే ఈ కష్టాన్ని రిలక్టెన్స్ అంటారు, అందుకే క్యాటలాగుల్లో దీని పేరు వేరియబుల్ రిలక్టెన్స్ సెన్సర్ అని ఉంటుంది.

ఒక్క పన్ను పోతున్నప్పుడు ఏం జరుగుతుందో నెమ్మదిగా చూడు. పన్ను దగ్గరికొస్తోంది, ఫ్లక్స్ పెరుగుతోంది, వోల్టేజీ ప్లస్ వైపు లేస్తుంది. పన్ను సరిగ్గా కొసకు ఎదురుగా వచ్చిన క్షణాన ఫ్లక్స్ గరిష్ఠం. ఆ క్షణాన వోల్టేజీ ఎంత అని అడిగితే నూటికి తొంభై మంది "ఫుల్లు" అంటారు. కాదు, సున్నా. ఎందుకంటే పెరగడం ఆగిపోయింది, తగ్గడం ఇంకా మొదలు కాలేదు, మార్పే లేదు. పన్ను దాటిపోతుంటే ఫ్లక్స్ పడిపోతూ వోల్టేజీ మైనస్ వైపు దిగుతుంది. సందు నడుమకు వచ్చేసరికి మళ్ళీ సున్నా. ఒక పన్ను పోతే ఒక పూర్తి అల. పన్ను వెడల్పు, సందు వెడల్పు దగ్గర దగ్గరగా ఉంటే ఈ అల దాదాపు సైన్ వేవ్‌లా ఉంటుంది. ప్లస్ మైనస్‌లు ఏ వైర్లో వస్తాయనేది చుట్టు తిప్పిన దిశను బట్టి ఉంటుంది, దానికి తర్వాత వస్తా.

నమ్మకం కుదరకపోతే పాత పికప్ నీ దగ్గరే ఉంటుంది కదా, బల్ల మీద పెట్టుకో. ముల్లు మీటరు ఉంటే దాన్ని డీసీ మిల్లీవోల్టు రేంజిలో పెట్టి రెండు వైర్లకు తగిలించు. పెద్ద స్పానర్ తీసుకుని కొస మీదికి చటుక్కున తీసుకెళ్ళు, ముల్లు ఒక పక్కకు కొట్టుకుంటుంది. స్పానర్ అలాగే ఆనించి పెట్టు, ముల్లు సున్నాకు వచ్చేస్తుంది, ఎంతసేపు పెట్టినా అంతే. ఇప్పుడు చటుక్కున లాగెయ్, ముల్లు రెండో పక్కకు కొట్టుకుంటుంది. అదే పని నిదానంగా చెయ్, ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది. తర్వాత స్పానర్ బదులు ఇత్తడి ముక్కతో గానీ అల్యూమినియం ముక్కతో గానీ చేసి చూడు, ముల్లు నిద్రపోతుంది. అయస్కాంతానికి అంటుకునే లోహమే దీనికి కావాలి. 304 స్టెయిన్‌లెస్‌తో పళ్ళ చక్రం చేయించి సిగ్నల్ రావట్లేదని తల పట్టుకున్న వాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు నీ ఇంజిన్ లెక్కకు వద్దాం. సెకనుకు ఎన్ని అలలు అంటే పళ్ళ సంఖ్యను ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగించు. నీ రింగ్ గేర్‌కు 118 పళ్ళు అనుకుందాం, నీదానికి ఎన్నో మాన్యువల్లో చూసుకో. 1500 ఆర్‌పీఎం దగ్గర 2950 హెర్ట్జ్. సెల్ఫ్ మీద ఇంజిన్ 180 తిరుగుతుంటే 354 హెర్ట్జ్. పళ్ళు 60 ఉంటే హెర్ట్జే ఆర్‌పీఎం అవుతుంది, టర్బైన్ల దగ్గర 60 పళ్ళ చక్రం ఎక్కువగా కనిపించేది అందుకే. గవర్నర్ కార్డుకు కావాల్సింది ఈ ఫ్రీక్వెన్సీ. అల ఎత్తుతో దానికి పని లేదు, కానీ ఆ ఎత్తు ఒక గీత దాటితేనే కార్డు దాన్ని సిగ్నల్‌గా లెక్కిస్తుంది.

నీ చిక్కు ఇక్కడే ఉంది. స్పీడు తగ్గితే ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీ కూడా తగ్గుతుంది. 1500 దగ్గర పది వోల్టులు దాటి ఇచ్చే పికప్ 180 దగ్గర వోల్టు చిల్లరే ఇస్తుంది. అంటే దీనికి అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టే ఆ నాలుగైదు సెకన్లే. చాలా గవర్నర్ కార్డులకు సెల్ఫ్ మీద కనీసం 1 వోల్టు ఏసీ కావాలి. నీ కార్డు కాగితాల్లో అంకె ఎంతుందో చూడు. నీకు వస్తోంది 0.4. కార్డు దృష్టిలో ఇంజిన్ తిరగడమే లేదు. ఇంజిన్ తిరగట్లేదనుకున్న కార్డు యాక్చువేటర్‌కు (డీజిల్ దారి తెరిచే భాగానికి) కరెంటు ఇవ్వదు, డీజిల్ తెరుచుకోదు, ఇంజిన్ అంటుకోదు. ఇది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. స్పీడు తెలియకుండా డీజిల్ తెరిచి పెడితే ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తి ఫ్లైవీలే పగిలే ప్రమాదం ఉంది. కాబట్టి కార్డు తన పని తాను చేస్తోంది.

మరి 0.4 ఎందుకు? నా మొదటి అనుమానం గ్యాప్ మీద. కొసకూ పంటి తలకూ మధ్య దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ మెల్లగా తగ్గదు, దభీమని పడిపోతుంది. కొత్త పికప్ పాతదాని కంటే కొంచెం పొట్టిదైనా, మెకానిక్ పళ్ళకు తగులుతుందేమోనని భయపడి బాగా వెనక్కి తిప్పినా ఇలాగే ఉంటుంది.

సరిచేసే పద్ధతి చెప్తా, కానీ ముందు ప్యానెల్‌ను ఆటో నుంచి ఆఫ్‌కు తిప్పి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయ్. ఈ మాట తేలిగ్గా తీసుకోకు. నువ్వు బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్ చుట్టూ ఉండే కవరు) దగ్గర చెయ్యి పెట్టినప్పుడు లైన్ పోతే ఆటోలో ఉన్న సెట్టు దానంతట అదే సెల్ఫ్ కొడుతుంది.

పికప్‌ను పూర్తిగా బయటికి తీసి, ఆ రంధ్రంలోకి టార్చి వెయ్. లోపల పంటి తల కనిపించాలి, సందు కాదు. సందు కనిపిస్తే ఇంజిన్‌ను చేత్తో కొంచెం తిప్పి పంటి తలను రంధ్రం నడుమకు తీసుకురా. సందు ఎదురుగా ఉండగా బిగిస్తే కొస రెండు పళ్ళ మధ్యకు దిగుతుంది, సెల్ఫ్ కొట్టగానే పన్ను వచ్చి దాన్ని విరగ్గొడుతుంది. పంటి తల కనిపించాక పికప్‌ను చేత్తోనే తిప్పుతూ మెత్తగా ఆనే దాకా లోపలికి పోనీ, స్పానర్ వాడకు. ఆనాక సగం నుంచి ముప్పావు చుట్టు వెనక్కి తిప్పు. మరలో చుట్టుకు ఎంత జరుగుతుందో తెలుసుకుంటే ఇది గుడ్డి లెక్క కాదని అర్థమవుతుంది: 5/8 అంగుళం, అంగుళానికి 18 మరల పికప్ అయితే చుట్టుకు 1.41 మిల్లీమీటర్లు, సగం చుట్టంటే 0.7. 16 మిల్లీమీటర్ల, 1.5 పిచ్ మర అయితే సగం చుట్టు 0.75. అక్కడ పట్టి ఉంచి చెక్ నట్ బిగించు. చెక్ నట్ బిగించేటప్పుడు పికప్ కూడా దాంతో పాటు తిరిగి లోపలికి పోతుంది, అది గమనించుకో. బ్యాటరీ తగిలించే ముందు ఇంజిన్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకో.

తీసినప్పుడు కొసను కూడా పరీక్షగా చూడు. మీది జిన్నింగ్ మిల్లు కాబట్టి దూది నలుసు, ఆయిలు కలిసి ముద్ద కట్టి ఉంటుంది. ఆ దూది వల్ల నేరుగా నష్టమేమీ లేదు, ఫ్లక్స్‌కు దూదీ గాలీ ఒకటే. బేతంచెర్లలో పాలిష్ యూనిట్ల జనరేటర్లకు కొస నిండా తెల్లటి రాతి పొడి ఉన్నా సిగ్నల్ బాగానే వస్తుంది. నష్టమల్లా ఆ ముద్దలో ఇరుక్కునే ఇనుప రజనుతో. సెల్ఫ్ పినియన్ (సెల్ఫ్ మోటారు కొసనుండే చిన్న పళ్ళ చక్రం) రింగ్ గేర్‌ను కొట్టిన ప్రతిసారీ కొంత రజను రాలుతుంది, అది నేరుగా అయస్కాంతం దగ్గరికే చేరుతుంది. కొస చుట్టూ మీసాల్లా రజను నిలబడితే ఫ్లక్స్ పంటి దాకా పోకుండా ఆ రజనులోంచే అడ్డదారిన తిరిగిపోతుంది, పన్ను వచ్చినా పోయినా మార్పు అంతంతమాత్రం. గుడ్డతో తుడిస్తే సరిపోతుంది, ఎమరీ పేపరు పెట్టి రుద్దకు.

రెండో అనుమానం బ్యాటరీ. నువ్వు "బాగానే తిరుగుతుంది" అన్నావు, ఎంత తిరుగుతోందో కొలిచావా? సీజన్ అయిపోయాక నెలల తరబడి సెట్టును వాడకుండా వదిలేస్తే బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ 180 బదులు 100 తిప్పుతుంది. చెవికి పెద్ద తేడా తెలియదు, పికప్ వోల్టేజీ మాత్రం సగానికి దగ్గర పడుతుంది. అదే మీటరును హెర్ట్జ్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టి చూడు, పళ్ళ సంఖ్యతో భాగించి 60తో గుణిస్తే అసలు ఆర్‌పీఎం వచ్చేస్తుంది. గ్యాప్ సరిచేశాక కూడా వోల్టేజీ రాకపోతే ఈ లెక్క తప్పకుండా చెయ్.

మూడోది రింగ్ గేర్ అరుగుదల, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంజిన్ ఆపినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు, కంప్రెషన్ ఎదురు తన్నే చోట ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ దాదాపు ఎప్పుడూ రెండు చోట్లలో ఏదో ఒక చోట, ఆరు సిలిండర్లది మూడు చోట్లలో ఏదో ఒక చోట. అంటే పినియన్ వచ్చి కొట్టేది కూడా ఎప్పుడూ ఆ పళ్ళనే. అవి తల అరిగి, మూలలు విరిగి ఉంటాయి. పికప్ ముందు నుంచి ఆ అరిగిన పళ్ళు పోతున్నప్పుడు అల చిన్నదైపోతుంది, అంచున ఉన్న సిగ్నల్ అక్కడ గీత కిందికి జారి కార్డుకు పల్సులు తప్పుతాయి. సెట్టు నడుస్తున్నప్పుడు కారణం తెలియకుండా హంటింగ్ చేస్తుంటే (స్పీడు నిలకడ లేకుండా పెరుగుతూ తగ్గుతుంటే) ఒకసారి ఈ కోణంలో కూడా చూడాలి. చేత్తో తిప్పుతూ ఆ రంధ్రంలోంచే పళ్ళన్నీ చూసుకో, ఓపిక కావాలి అంతే.

వైరింగు గురించి ఎక్కువ చెప్పను. సెల్ఫ్ కొడుతూ వోల్టేజీని ముందు పికప్ దగ్గర, తర్వాత కార్డు టెర్మినళ్ళ దగ్గర చూడు, వైర్లు కార్డుకు తగిలించే ఉంచు. అక్కడ ఉండి ఇక్కడ లేకపోతే నడుమ వైరు తెగిందో, షార్టయిందో. కార్డు నుంచి విప్పాక కూడా పికప్ వైరుకూ బాడీకీ మధ్య ఓములు చూపిస్తే చుట్టు లోపల బాడీకి తగిలింది, దాన్ని పారేయ్. వైరు మెలి తిప్పిన జంట అయి ఉండాలి, పైన షీల్డు ఉండాలి, ఆ షీల్డును కార్డు వైపు మాత్రమే ఎర్త్ చెయ్యాలి. ఆల్టర్నేటర్ పవర్ కేబుళ్ళతో కలిపి కట్టేస్తే ఇంజిన్ ఆగి ఉన్నా ప్యానెల్ మీద ఆర్‌పీఎం కనిపించే వింతలు చూస్తావు.

మీటరు గురించి ఒక హెచ్చరిక. నీ దగ్గరున్నది చవక మీటరైతే దాని ఏసీ రేంజి సుమారు 400 హెర్ట్జ్ దాకానే నమ్మకంగా చూపిస్తుంది, వెనక లేబుల్ మీదో కాగితంలోనో రాసి ఉంటుంది. సెల్ఫ్ మీద 354 దగ్గర కాబట్టి నీ 0.4ను నమ్ముతున్నా. సెట్టు 1500 మీద నడుస్తున్నప్పుడు అదే మీటరు 2950 హెర్ట్జ్ దగ్గర ఏం చూపించినా దాన్ని పట్టుకుని పికప్ మార్చకు. 900 ఓముల విషయం: పికప్‌ను బట్టి ఇది వందల్లో నుంచి వేలల్లోకి మారుతుంది, చుట్టు తెగలేదు అన్నంత వరకే దాని అర్థం. ఓములు సరిగ్గా ఉన్నంత మాత్రాన అయస్కాంతం బాగుందని కాదు.

వైర్లు తారుమారైతే ఏమన్నా అవుతుందా అని కింద ఇంకొకరు అడిగారు. గవర్నర్‌కు ఏమీ కాదు, అలలు లెక్కపెట్టడమే కదా. కామన్ రైల్ ఇంజిన్ల క్రాంక్ సెన్సర్‌కు మాత్రం అవుతుంది. అక్కడ 60 పళ్ళ జాగాలో రెండు తీసేసి 58 ఉంచుతారు, ఆ ఖాళీని బట్టి పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కనిపెడుతుంది. పంటి నడుమ వచ్చే ఆ సున్నా దగ్గరి గీత నిటారుగా ఉంటుంది, ఈసీయూ దాన్నే గుర్తుగా పట్టుకుంటుంది. వైర్లు తిరగబడితే అల తలకిందులై గుర్తు సందు నడుమకు జరుగుతుంది. ఒక్కో పన్నుకు 6 డిగ్రీలు కాబట్టి సగమంటే 3 డిగ్రీల టైమింగ్ తేడా, పైగా ఖాళీ దగ్గర గందరగోళం. పాత బైకుల్లో మెకానిక్‌లు పల్సర్ కాయిల్ అనేది కూడా ఈ జాతిదే. అది బలహీనపడితే కిక్ మెల్లగా కొడితే స్పార్క్ రాదు, తోసి స్టార్ట్ చేస్తే వస్తుంది, కారణం నీకిప్పుడు తెలుసు.

గ్యాప్ విషయంలో బస్సుల ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) వాళ్ళది తెలివైన పద్ధతి. చక్రం దగ్గరి సెన్సర్‌ను మరతో బిగించరు, బిగువైన స్ప్రింగ్ స్లీవ్‌లో దూర్చి పళ్ళ చక్రానికి తగిలే దాకా తోసేస్తారు. చక్రం తిరిగితే అదే సెన్సర్‌ను కావాల్సినంత వెనక్కి నెట్టుకుంటుంది. బేరింగ్ వదులైతే మాత్రం చక్రం ఊగి ఊగి సెన్సర్‌ను ఇంకా వెనక్కి నెడుతుంది, ఏబీఎస్ లైటు వెలుగుతుంది. డిపోలో ముందు బేరింగ్ చూసి తర్వాతే సెన్సర్ సంగతి చూస్తారు.

ఇది అన్నిచోట్లా పనికొచ్చే వస్తువని కూడా అనుకోకు. సిమెంటు ఫ్యాక్టరీలో బెల్టు జారిందా, ఎలివేటర్ ఆగిందా అని చూసే జీరో స్పీడ్ స్విచ్చులకు మేం దీన్ని వాడేవాళ్ళం కాదు. టెయిల్ పుల్లీ (బెల్టు వెనక కొసన ఉండే చక్రం) నిమిషానికి 40 తిరుగుతుంది, దానికి రెండు ఇనుప పట్టీలు వెల్డ్ చేస్తే సెకనుకు ఒకటిన్నర కన్నా తక్కువ పల్సులు. అంత నిదానంలో మాగ్నెటిక్ పికప్ ఇచ్చే వోల్టేజీ నాయిస్‌లో కలిసిపోతుంది. అక్కడ సప్లై ఇచ్చే ప్రాక్సిమిటీనే సరి, అది ఆగి ఉన్న ఇనుమును కూడా పసిగడుతుంది. అదే ముద్దనూరు పక్కన రాయలసీమ థర్మల్‌లో ఉండేలాంటి 3000 ఆర్‌పీఎం టర్బైన్ అయితే పికప్‌కు అంతకంటే అనువైన చోటు లేదు.

గ్యాప్ సరిచేసి, బ్యాటరీ చార్జ్ చేశాక సెల్ఫ్ మీద ఎన్ని వోల్టులు వచ్చాయో, ఎన్ని హెర్ట్జ్ వచ్చాయో రాయి. వోల్టు దాటి వచ్చి, కార్డు టెర్మినళ్ళ దగ్గర కూడా అంతే ఉండి, అప్పటికీ యాక్చువేటర్ కదలకపోతే, కార్డుకు సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎంత అందుతోందో, యాక్చువేటర్ కాయిల్ ఓములు ఎంతో కొలువు. ఆ రెండూ సరిగ్గా ఉంటేనే కార్డు మాట మాట్లాడదాం.